లియోన్‌లో మా నాయనమ్మ

మొన్న గుడివాడలో మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. పనేమీ లేదు. రిటైరయినవాడు పనిలేకుండా వెళ్ళదగిన ఇళ్ళు కొన్ని ఉంటాయి, అందులో అదొకటి. హాల్లో ఫ్యాను కింద మేనకోడలి కూతురు హాసిని కాలేజీ వాళ్ళిచ్చిన మెటీరియలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ ఏదో బట్టీ పడుతోంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను. ఒక చెప్పు విప్పాక, నాకు నలభయ్యేళ్ళకు పైగా వినపడని మాటొకటి లోపల్నుంచి వచ్చింది. మా నాయనమ్మ ఫలానా ఊళ్ళో ఉంటుంది అని ఫ్రెంచిలో చెబుతోందా పిల్ల. రెండో చెప్పు విప్పడం మర్చిపోయి అలాగే లోపలికి వెళ్ళాను.

"ఏంటమ్మా, ఫ్రెంచే?"

"అవును తాతయ్యా. సెకండ్ లాంగ్వేజి."

"ఫ్రెంచి ఎందుకు తీసుకున్నావు?"

"స్కోరింగ్ కదా," అంది, ఇంత పెద్దవాడికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

"మీ మాస్టారెవరు?"

"మాస్టారెందుకు, మెటీరియల్ ఉందిగా."

"మీ నాయనమ్మ ఎక్కడ ఉంటుంది? అదే, పుస్తకంలో నాయనమ్మ?"

"పారిస్‌లో. రోజూ పొద్దున్నే యోగా చేస్తుంది. శనివారం కంప్యూటర్ క్లాసుకి వెళ్తుంది."

"పిల్లి ఉందా?"

"పిల్లెందుకుంటుంది తాతయ్యా?"

వంటింట్లోంచి మా మేనకోడలు తొంగి చూసి, "మావయ్యా, నీకు ఫ్రెంచొచ్చా? ఎప్పుడూ చెప్పలేదే?" అంది. వచ్చేదమ్మా, ఒక పేరా మేరకు, అన్నాను. ఆ పిల్ల నవ్వి మళ్ళీ నడక మొదలుపెట్టింది. నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ, ఒంటికాలి చెప్పుతోనే, బందరు వెళ్ళిపోయాను.

నేను ఇంటర్మీడియట్ చదివింది బందర్లో, మా పెద్దమ్మగారింట్లో ఉండి. ఇల్లు ఫ్రెంచిపేటలో. ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు ఓడల్లో వచ్చి అక్కడ బట్టలు కొనుక్కున్నారట. వాళ్ళు పోయారు, పేరు మిగిలింది. మా పెదనాన్న కోర్టులో గుమాస్తా. కోర్టులో మాట్లాడేవాళ్ళను చూసి చూసి ఇంట్లో ఎవరు మాట్లాడినా వాయిదా వేసే అలవాటు వచ్చిందాయనకు. "పేటకి ఫ్రెంచి పేరుంది, పేటలో ఫ్రెంచి ముక్క వచ్చినవాడు ఒక్కడు లేడు. ఇది నాకు సాక్ష్యాధారాలతో తెలుసు," అనేవాడు. పొద్దున్నే పెద్దమ్మ ఇనప మూకుడులో కాఫీ గింజలు వేయించేది. ఆ వాసనకి ముందు లేచేది పెదనాన్న, తర్వాత నేను, ఆ తర్వాత పక్కింటివాళ్ళు. మధ్యాహ్నం గాలి తిరిగితే గిలకలదిండి రేవు నుంచి ఎండుచేపల వాసన వచ్చి కిటికీలో కూర్చునేది. పెద్దమ్మ లేచి కిటికీ వేసేది, నేను తీసేవాణ్ణి. ఆ వాసన ఆవిడకి చుట్టం కాదు, నాకు చుట్టం. బందర్లో సముద్రం ఉందని దేశమంతా అనుకుంటుంది గాని, చూడాలంటే మేం కూడా బస్సెక్కాల్సిందే. నేను ఎక్కేవాణ్ణి కాదు.

ఎందుకంటే మాది దివిసీమ, పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఒక ఊరు. ఉప్పెన వచ్చిననాడు నేనూ అమ్మా నాన్నా ఆ ఊళ్ళో లేం. పెద్దమ్మ కూతురి పెళ్ళికని ముగ్గురం బందరు వచ్చాం. నాయనమ్మ మాత్రం రాలేదు. వానగా ఉంది, ఒక్క రోజు ఆగి వెళ్దాం అనుకున్నాం. వెళ్ళేసరికి ఇల్లు లేదు, నాయనమ్మ లేదు, గేదెలు లేవు. నాన్న ఆ చోటే మళ్ళీ ఇల్లు కట్టాడు. కాస్త ఎత్తు అరుగు వేసి కట్టాడు. నాయనమ్మ గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. నాన్న మాట్లాడడు గనక మేమూ మాట్లాడలేదు, అంతే. సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే నవ్వులకి ఇది అడ్డం రాకుండా.

కాలేజీలో చేరే రోజున సంస్కృతం బల్ల దగ్గర తిరునాళ్ళలా జనం. తెలుగు బల్ల దగ్గర పెళ్ళిలా జనం. వరండా చివర ఒక చిన్న బల్ల, దానిమీద ఒక కూజా, ఒక స్టీలు గ్లాసు, వెనకాల తెల్ల బుష్‌కోటు వేసుకున్న సన్నటి మనిషి. ఎండలో నిలబడి ఎర్రబడ్డ పిల్లల్ని వెతికి వెతికి పిలిచేవారు: "బాబూ, దాహంగా ఉందా? రా." నీళ్ళు తాగాక ఉత్తినే వెళ్ళిపోవడం మర్యాద కాదు కదా అని పేరు చెప్పేవాళ్ళం. చెప్పిన పేరు రాసుకునేవారు. అలా మా కామేశ్వరరావు మాస్టారు నీళ్ళతో పాటు ఫ్రెంచి పోసేవారు. నాకు ముందు వరసలో ఇనగుదురుపేట సలీం నిలబడ్డాడు. వాళ్ళ నాన్నది అత్తరు కొట్టు. ఇప్పటికీ సలీం ఒకటే మాట చెబుతాడు: "నేను మంచినీళ్ళకని వెళ్ళి ఇరుక్కున్నాను బావా. నువ్వు నన్ను చూసి కూడా ఇరుక్కున్నావు. ఇద్దరిలో ఎవరు తెలివితక్కువవాళ్ళో నువ్వే చెప్పు."

మాస్టారిది యానాం. తాత ముత్తాతల నుంచి ఫ్రెంచి కచేరీల్లో పనిచేసిన కుటుంబం. ఆయన్ని ఊరంతా మొస్యేగారు అనేది. మొస్యే అన్నా గారు అన్నా ఒకటే, అయినా బందర్లో గారు తగిలించకుండా ఎవర్నీ వదిలిపెట్టం. ఆయన ఉద్యోగం పర్మనెంటు కాదు. క్లాసులో పదిమంది ఉంటే ఫ్రెంచి సెక్షన్ ఉంటుంది, సెక్షన్ ఉంటే మాస్టారు ఉంటారు. తొమ్మిదిమంది అయ్యారా, గది సంస్కృతానికి, మాస్టారు యానానికి. ఇది ప్రిన్సిపాల్ ప్రతి ఏడూ జూన్‌లో చెప్పేవాడు. మాస్టారు ప్రతిసారీ "చిత్తం" అని కూజా నింపుకునేవారు. ఆ ఏడు మేం పదకొండుమందిమి. పదకొండో వాడికి జ్వరం వస్తే మాస్టారు స్వయంగా మందు పట్టుకెళ్ళేవారు. అది ప్రేమే, కాదనను. లెక్క కూడా.

ఆయన పాఠం చెబుతుంటే మాకు తెలియని ఋతువులు వచ్చేవి. వసంతంలో మంచు కరుగుతుందని చెప్పేవారు. చెబుతూ చేతిరుమాలుతో మెడ తుడుచుకునేవారు. మాకు తెలిసిన కాలాలు ఎండ, ఉక్క, తుపాను, మళ్ళీ ఉక్క. ఫ్రాన్సులో పాలను కావాలని చెడగొట్టి, ముద్ద చేసి, నెలల తరబడి నేలమాళిగలో దాచి తింటారని చెప్పినరోజు నేను ఇంటికెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "పాపం, వాళ్ళకి తోడు పెట్టడానికి మజ్జిగ దొరకలేదేమో," అంది. పెదనాన్న పేపరు దించకుండా, "అందుకే పేట ఖాళీ చేసి పోయారు," అన్నాడు. మర్నాడు మాస్టారికి ఇది చెబితే ఆయన నవ్వలేదు. "మీ పెద్దమ్మగారి మాటలో కూడా న్యాయం ఉంది నాయనా," అన్నారు. ఏ దేశం తిండినీ తక్కువ చెయ్యని మనిషి.

రెండో ఏడు సంక్రాంతి సెలవులయ్యాక ప్రిన్సిపాల్ కొత్త మెలిక పెట్టాడు. పుదుచ్చేరి నుంచి ఒక ఫ్రెంచి దొరసాని వస్తుంది, పిల్లల చేత మాట్లాడించి చూస్తుంది, ఆవిడ బాగుందంటేనే వచ్చే ఏడు సెక్షన్. లేకపోతే పదిమందేం, వందమంది ఉన్నా లేదు. మాస్టారు ఆవేళ "చిత్తం" అనలేదని ఆఫీసులో అటెండరు చెప్పాడు. క్లాసుకొచ్చి, మీ కుటుంబం గురించి తలొక పేరా రాసుకురండి, అన్నారు. రాసుకెళ్ళాం. ఆయన దిద్దారు. దిద్దాక ఎర్రసిరా తప్ప మా కుటుంబాలు కనబడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. మర్నాడు తానే ఒక పేరా రాసి తెచ్చారు. "తప్పుల్లేని కుటుంబం ఒకటుంది. ప్రస్తుతానికి అందరం అందులో సర్దుకుందాం. ఆవిడ పిలిస్తే ఇద్దర్నో ముగ్గుర్నో పిలుస్తుంది. ఎవర్ని పిలుస్తుందో తెలీదు గనక అందరూ నేర్చుకోండి."

అలా పదకొండుమందికీ ఒకే కుటుంబం వచ్చింది. నాన్న డాక్టరు. అమ్మ పియానో వాయిస్తుంది. ప్రతి ఆదివారం లియోన్‌లో నాయనమ్మ దగ్గరికి వెళ్తాం. ఆవిడ యాపిల్ పళ్ళతో తీపిరొట్టె చేస్తుంది. ఆవిడకో బూడిదరంగు పిల్లి, పేరు మినెత్. ఈ దేశంలో చదువుకున్నవాళ్ళెవరికైనా ఇందులో వింతేం కనబడదు. ఆవు మీద వ్యాసమైనా అంతే కదా, తరగతిలో అందరి ఆవూ ఒకేచోట గడ్డి తింటుంది. బట్టీ పట్టడం మాకు అవమానం కాదు, భక్తి. పొద్దున్న పెద్దమ్మ గింజలు వేయిస్తుంటే వంటింటి గడపలో కూర్చుని నేను లియోన్ వెళ్ళి వచ్చేవాణ్ణి. రెండు నెలలు రోజూ వెళ్ళాక ఆ ముసలావిడ నాకు అలవాటయింది. ఆవిడ వంటిల్లు ఎటువైపుందో తెలిసింది. పిల్లి ఏ కుర్చీలో పడుకుంటుందో తెలిసింది. పేరాలో అవేం లేవు. సలీంతో ఒకసారి అన్నాను, ఆవిడ చేతివేళ్ళు వంకరగా ఉంటాయిరా అని. వాడు నావంక అదోలా చూసి, "పరీక్షలో అడగరు బావా," అన్నాడు. వంకరవేళ్ళు ఎవరివో నాకూ తెలుసు, మా ఊళ్ళో నాట్లు వేస్తుండగా చూసిన వేళ్ళు.

మదాం వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి. నూలుచీర చక్కగా కట్టుకుంది, చెమటకి ముఖం దానిమ్మపండులా అయింది. మాస్టారు ఎక్కడినుంచో తాటాకు విసనకర్ర తెప్పించి ఇచ్చారు. ఆవిడ ఇద్దర్నో ముగ్గుర్నో పిలవలేదు. ఇంతదూరం బస్సులో వచ్చాను, అందరితో మాట్లాడతాను, అంది. మాస్టారు ఆవిడ కోసం పోసిన నీళ్ళు తానే తాగేశారు.

మొదటివాడు లియోన్ వెళ్ళివచ్చాడు. ఆవిడ మెచ్చుకుంది. రెండోవాడు లియోన్ వెళ్ళాడు. ఆవిడ విసనకర్ర ఆగింది. మూడోది అమ్మాయి, చల్లపల్లి మోతుబరి కూతురు. ఆ అమ్మాయి నాన్నా డాక్టరే, నాయనమ్మ పిల్లీ మినెత్తే. నాలుగోవాడు సలీం. తలకి అత్తరు రాసుకుని, గుండెల మీద చెయ్యివేసుకుని, ప్రతి ఆదివారం నాయనమ్మ యాపిల్ రొట్టె చేస్తుందని ఖవ్వాలీ అంత భావంతో చెప్పాడు. మదాం మాస్టారివైపు చూసింది. మాస్టారు కిటికీవైపు చూస్తున్నారు. ఆవిడ సలీంని నెమ్మదిగా అడిగింది: మీరందరూ అన్నదమ్ములా?

ఎవరైనా అయితే అక్కడ నీళ్ళు నమిలేవాళ్ళు. సలీం మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "అవునండీ మదాం. పెద్ద కుటుంబం. పిల్లి ఒకటే," అన్నాడు ఫ్రెంచిలో. అది పేరాలో లేని మాట. వాడు సొంతంగా కట్టుకున్న మొదటి వాక్యం. మదాం విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే బస్‌స్టాండులో పెట్టెలు సర్దుకున్న మనిషి ముఖంలా ఉంది.

అయిదోవాణ్ణి నేను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. నువ్వు ఎప్పుడైనా యాపిల్ పండు తిన్నావా, అని అడిగింది. తిన్నాను, జ్వరం వచ్చినప్పుడు, అన్నాను. మా కాలంలో యాపిల్ అనేది పండు కాదు, మందు. దాన్ని పట్టుకుని ఎవరైనా ఇంటికొస్తే ఇంట్లో ఎవరికో బాగోలేదని అర్థం. ఆవిడ మళ్ళీ నవ్వి, అయితే మీ నాయనమ్మ నిజంగా ఏం వండుతుంది, అని అడిగింది.

ఎండురొయ్యలు. ఆ మాట ఫ్రెంచిలో నాకు రాదు. చిన్న చేప, ఎండలో పెట్టిన చేప, చాలా కాళ్ళున్న చేప, అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. దాంట్లో ఆకులు వేస్తుంది, చిన్న ఆకులు, పుల్లని ఆకులు, అన్నాను. ఆవిడ తల ఊపుతూ ముందుకు వంగింది. పిల్లి ఉందా? లేదు, గేదెలు ఉన్నాయి. ఎక్కడుంటుంది మీ నాయనమ్మ? మీతోనేనా?

అప్పుడు నాకు వచ్చిన ఫ్రెంచి అంతా కలిపితే రైల్వేస్టేషన్ పాఠంలో రావడం పోవడం దాకా. ఆ మాటలే దొరికాయి. 'లో ఎ వెన్యూ,' అన్నాను. నీళ్ళు వచ్చాయి. 'లా మెజోఁ ఎ పార్తీ.' ఇల్లు వెళ్ళిపోయింది. 'గ్రాన్‌మేర్ ఎ పార్తీ.' నాయనమ్మ వెళ్ళిపోయింది. అంతే. తెలుగులో ఇది చెప్పాలంటే నాకు చాలా మాటలు వచ్చు. అందుకే మూడేళ్ళుగా ఒక్కటీ బయటికి రాలేదు. మాటలు తక్కువున్న భాషలో గబుక్కున అనేశాను. మదాం విసనకర్ర బల్లమీద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. దివిసీమా, అని అడిగింది. ఆ పేరు పుదుచ్చేరి దాకా వెళ్ళిందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ కాయితం మీద రాసి వెళ్ళినదాన్ని ప్రిన్సిపాల్ మాస్టారికి చదివి వినిపించాడు. విద్యార్థులు బంధుత్వం విషయంలో కొంత అయోమయంగా ఉన్నారు గాని భాష వాళ్ళలోకి దిగింది, ఈ తరగతిని కొనసాగించడం మంచిది, అని. మాస్టారు మాకు ఆ మాట చెప్పి, బజారుకు మనిషిని పంపించి బందరు లడ్డు తెప్పించి పెట్టారు. ప్రిన్సిపాల్ మాత్రం ప్రిన్సిపాలే. సరే, సెక్షన్ ఉంటుంది, జూన్ నాటికి పదిమందిని చూపించండి, అన్నాడు. మేం వెళ్ళిపోతే మిగిలిన మొదటేడు వాళ్ళు ఇద్దరు. సంస్కృతంలో అయితే జవాబులు తెలుగు లిపిలో రాసుకోవచ్చు, మార్కులు కురుస్తాయి అని అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. ఇంక కూజా నీళ్ళకి పిల్లలు దొరికే రోజులు కావవి. అందుకని పరీక్షలయ్యాక మాస్టారు గొడుగు, సంచి పట్టుకుని ఊళ్ళ మీద పడ్డారు. పెడన, గూడూరు, కృత్తివెన్ను. చివరికి నన్నడిగారు: "మీ వైపు పదో తరగతి పాసైన పిల్లలు ఉంటారా నాయనా?"

వద్దనడానికి నోరు రాలేదు. అవనిగడ్డ బస్సులో వెళ్ళి, అక్కడ కోడూరు బస్సు మారి, మిగిలింది నడిచాం. మా ఊళ్ళో ఆ ఈడు పిల్లలు తక్కువ. ఎందుకు తక్కువ అని మాస్టారు అడగలేదు. దారి పొడుగునా కొత్త ఇళ్ళు, ఒకే కొలతలో ఒకే రంగులో వరసగా కట్టించి ఇచ్చినవి, చూస్తూ నడిచారు. కాసేపటికి గొడుగు ముడిచేశారు. ఆ ఎండలో ఎందుకు ముడిచారో నాకు అర్థం కాలేదు. ఇప్పుడయితే అవుతుంది, పోయినవాళ్ళ ముందు గొడుగేమిటని. రెండిళ్ళలో అడిగాం. ఒక ఇంటాయన, "ఫ్రెంచి చదివితే ఏమొస్తదండీ?" అన్నాడు. "ఫ్రెంచి వస్తుందండి," అన్నారు మాస్టారు. ఆయన అబద్ధం చెప్పలేరు, అదే ఆయన వ్యాపారంలో లోపం.

మధ్యాహ్నానికి మా ఇంటికి చేరాం. నాన్న కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడు, పీట వేశాడు. అమ్మ ఎండురొయ్యల కూర చేసింది. మా ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడకూడదు. మాట్లాడితే అన్నానికి కోపం వస్తుందని తాతల కాలం నుంచీ నియమం. ఉప్పెన తర్వాత అన్నం ముందూ అన్నం తర్వాతా కూడా నాన్నకి అదే నియమం అయింది. ఆ సంగతి మాస్టారికి చెబుదామనుకుంటూనే మర్చిపోయాను. ఆయన రెండు ముద్దలు తిని, తలెత్తి, "ఫ్రాన్సులో అన్నం దగ్గర మాట్లాడకపోతే వండినవాళ్ళని చిన్నబుచ్చినట్టండి," అన్నారు.

నాన్న నావంక చూశాడు. నేను పళ్ళెంలోకి చూశాను.

"కూర అమృతంలా ఉందమ్మా," అని మాస్టారు అమ్మతో అని, నాన్నవైపు తిరిగారు. "మీ అమ్మగారు దీంట్లో ఏదో పుల్లటి ఆకు వేసేవారటగా. మీవాడు మదాంగారికి చెప్తుంటే విన్నాను. పాపం, వాడి దగ్గర మాటలు చాలలేదు. ఏం ఆకండీ అది?"

అమ్మ మజ్జిగ గిన్నెతో గుమ్మంలో ఆగిపోయింది. నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. అంతసేపు ఎవరూ మాట్లాడకపోతే ఇంకెవరైనా అయితే సర్దుకుని వేరే మాట ఎత్తేవాళ్ళు. మాస్టారికి క్లాసులో జవాబు కోసం కాచుకుని కూర్చోవడం అలవాటు.

"చింతచిగురండి," అన్నాడు నాన్న.

"చింతచిగురా."

"కాలవ గట్టు మీద చెట్టుది. ఊళ్ళో చెట్టుది పనికిరాదనేది. తనే ఎళ్ళి కోసుకొచ్చేది. ఆ వయసులో చెట్టెక్కొద్దే అమ్మా అంటే, నిన్ను కన్నప్పుడు లేని భయం ఇప్పుడెందుకురా అనేది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో మరొకటో నాకు తెలియలేదు. నాన్న ఆగలేదు. రొయ్యలు బూడిదతో తోమి కడిగేదన్నాడు. గేదెలకి మా అత్తయ్యల పేర్లు పెట్టి తిట్టేదన్నాడు. బందరు పెళ్ళికని బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చిందన్నాడు. "రమ్మన్నానండి నేను. చీర కూడా తీసి బయట పెట్టాను. గేదెల్ని ఎవరు చూస్తార్రా, మీరెళ్ళి రండి, నాకు బందరు లడ్డు తీసుకురా చాలు అంది. తీసుకొచ్చానండి. కొని సంచిలో పెట్టుకునే వచ్చాను." నాన్న నోట ఈ మాటలు నేను వినడం అదే మొదటిసారి. అమ్మ కూడా లడ్డు సంగతి వినలేదని తర్వాత చెప్పింది. నాన్న చేతిమీద అన్నం ఎండిపోయింది. మాస్టారి చెయ్యీ ఎండిపోయింది. ఆయన మధ్యమధ్యలో ఊఁ కొట్టడం, ఎక్కడో ఒకచోట "అప్పుడేమన్నారు?" అనడం తప్ప ఇంకేం చెయ్యలేదు. అన్నానికి కోపం వచ్చిందో లేదో తెలియదు. అన్నం చల్లారేదాకా మాత్రం మమ్మల్ని భరించింది.

బస్సుకి వేళయితే నాన్న కూడా కండువా వేసుకుని వచ్చాడు. దారంతా చెబుతూనే ఉన్నాడు. కాలవగట్టు చెట్టు ఉండిన చోటు చూపించాడు. బస్సు వచ్చింది, మాస్టారు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. నాన్న కిటికీ ఊచ పట్టుకుని నాయనమ్మ ఒకసారి హంసలదీవి తీర్థంలో తప్పిపోయిన కథ మొదలుపెట్టాడు. కండక్టరు కాసేపు చూసి, "పెద్దాయనా, ఎక్కుతావా, వదులుతావా?" అన్నాడు. "ఉండవయ్యా, ఇప్పుడు దొరుకుద్ది," అన్నాడు నాన్న. బస్సంతా నవ్వింది. నాయనమ్మ దొరికాకే బస్సు కదిలింది. మాస్టారికి మా ఊళ్ళో పిల్లలు మాత్రం ఒక్కరూ దొరకలేదు.

జూన్‌లో ఆయన ఆరుగుర్ని చూపించగలిగారు. ఆ ఏడే సెక్షన్ ఎత్తేశారు. గది సంస్కృతానికి ఇచ్చారు. మాస్టారు యానాం వెళ్ళిపోయి అక్కడ పిల్లలకి ఇంట్లో పాఠాలు చెప్పుకున్నారని విన్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయారనీ విన్నాను. సలీం ఇప్పుడు బందర్లో కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్నాడు. పామర్రు మీదుగా బందరు వెళ్ళినప్పుడల్లా వాణ్ణి చూసొస్తాను. ఇద్దరం ఆ పేరా ఒకసారి అప్పజెప్పుకుంటాం. ఇద్దరిలో ఒకరికి ఎప్పుడూ మధ్యలో ఒక వాక్యం తప్పిపోతుంది, రెండోవాడు అందిస్తాడు. ఇద్దరం ఒకే వాక్యం మర్చిపోయే రోజు వస్తుంది కదా బావా, అన్నాడు పోయిన్సారి. అప్పుడు లియోన్‌లో నాయనమ్మకి మనం ఏమవుతాం అని నేనన్నాను. వాడు కళ్ళద్దం తుడిచి పెట్టెలో పెట్టాడు.

ఇప్పుడు ఫ్రెంచికి పిల్లల కోసం ఎవరూ ఊళ్ళు తిరగక్కర్లేదు. గుడివాడలో హాసిని క్లాసులో అరవైమంది ఉన్నారట. అందరికీ వందకి తొంభై అయిదు దాటతాయట. మంచిదే. మా పదకొండుమందిలో నాకొచ్చినవి ఎన్నో చెబితే ఆ పిల్ల నన్ను తాతయ్యా అని పిలవడం మానేస్తుంది. వాళ్ళ మెటీరియల్లో తప్పుల్లేవు, నేను చూశాను. దాన్ని ఎవరూ దిద్దక్కర్లేదు, ఎదురుగా కూర్చుని జవాబు కోసం ఆగే మనిషి అక్కర్లేదు. పోల్చకూడదు. పోల్చడానికి రెండుండాలి, నా దగ్గర మిగిలింది ఒక పేరా.

మా నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఏటా ఎండలు ముదిరి, పరీక్షలైపోయి, పిల్లలు ఊళ్ళోకి వచ్చే రోజుల్లో, అరుగు మీద కూర్చుని బస్సు రోడ్డు వైపు చూస్తూ అడిగేవాడు: "మీ మాస్టారు ఈ ఏడు కూడా పిల్లల కోసం రాలేదేంట్రా?"

"సెక్షన్ ఎత్తేశారు నాన్నా. పిల్లలు అక్కర్లేదు ఆయనకి."

"అయితే మాత్రం," అనేవాడు నాన్న, "మనిషి రాకూడదేంటి?"